కనిపెట్టుకొని ఉన్నవాళ్ళు



పోయిన భాగం చదివి చాలామంది ఒకే ప్రశ్న పంపించారు. "దళితులకు ఓర్పు నేర్పింది చర్చే కదా? ఓర్చుకో, దేవుడు చూసుకుంటాడు అని చెప్పి మన కోపాన్ని చల్లార్చింది పాస్టర్లే కదా?" ఇది చిన్న ప్రశ్న కాదు. రెండు ముక్కల్లో జవాబిస్తే అబద్ధం చెప్పినట్టవుతుంది. అందుకని ఈ భాగమంతా దానికే పెడుతున్నాను. కొంచెం పొడుగ్గా ఉంటుంది. ఓపిగ్గా చదవండి.

రాంగోపాల్‌పేట్ నుంచి మొదలుపెడతాను. సికింద్రాబాద్‌లో ఎం.జి. రోడ్డు మీద, ఒకప్పటి జేమ్స్ స్ట్రీట్ మీద, గడియారం ఉన్న పాత పోలీస్ స్టేషన్ భవనం మీలో చాలామంది చూసే ఉంటారు. దీవాన్ బహదూర్ సేఠ్ రాంగోపాల్ కట్టించిన భవనం అది. పేటకు ఆయన పేరే. డి.బి.ఆర్. మిల్లు పేరులో ఉన్నదీ ఆయనే. గడియారం కట్టించినాయన పేరు పేటకు మిగిలింది. గడియారం కింద రాళ్ళు మోసినవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. మన చరిత్ర రాయాలంటే ఎప్పుడూ ఇక్కడే ఇబ్బంది. పేర్లు లేనివాళ్ళ దగ్గర మొదలుపెట్టాలి.

ఆ రోడ్డు వెనక గల్లీల్లో ఒక రేకుల ఇల్లు ఉంది. శుక్రవారం శుక్రవారం అక్కడ ఉపవాస ప్రార్థన జరుగుతుంది. పది పదిహేను మంది ఆడవాళ్ళు, ఒక డప్పు, ఒక పాత హార్మోనియం. అక్కడికి వచ్చే ఒక అవ్వ నాకు తెలుసు. మున్సిపాలిటీలో ఊడ్చే పని చేసి రిటైర్ అయింది. ఎప్పుడు కలిసినా "ఎట్లున్నవ్ అవ్వా?" అంటే ఒకటే మాట: "కనిపెట్టుకోని ఉన్న బిడ్డా."

ఈ మాట దగ్గర కాసేపు ఆగుదాం. నేను తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ చేసినా ఈ మాట లోతు నాకు తెలిసింది విశ్వవిద్యాలయంలో కాదు. బడిలో మనకు చెప్పిన ప్రకారం కనిపెట్టడం అంటే కొత్తది తయారుచేయడం. ఎడిసన్ బల్బు కనిపెట్టాడు. ఇళ్ళల్లో కనిపెట్టడం అంటే కాపలా కాయడం. "పిల్లాణ్ణి కనిపెట్టుకుని ఉండు" అంటాం. ఇంకో అర్థం పసిగట్టడం. దొంగను కనిపెట్టాం అంటాం. తెలుగు బైబిల్లో మాత్రం, ముఖ్యంగా కీర్తనల గ్రంథంలో, కనిపెట్టడం అంటే దేవుని కోసం ఎదురుచూడడం. నాలుగు అర్థాల్లోనూ ఉన్నది కన్నే. కన్ను మూసుకుని చేసే పని ఇందులో ఒక్కటీ లేదు.

ఇంకో మాట చూడండి. నిరీక్షణ. మామూలు తెలుగులో దానర్థం ఎదురుచూపు. తెలుగు బైబిల్లో అదే మాటను ఆశకు వాడారు. విశ్వాసం, ప్రేమ పక్కన నిలబెట్టే మూడో మాట అది. కాబట్టి తెలుగు క్రైస్తవుడికి ఆశా ఎదురుచూపూ ఒకే మాటలో ఉన్నాయి. ఇతర భాషల వాళ్ళకి ఈ వీలు ఉందో లేదో కానీ మన గూడేల్లో ముసలమ్మలు నిరీక్షణ అన్నప్పుడు రెండూ కలిపే అంటారు. ఎదురుచూడడం మానేశారంటే ఆశ పోయినట్టే.

ఇప్పుడు చరిత్రలోకి వెళ్దాం.

సికింద్రాబాద్ దండు ఊరు. 1806లో సికిందర్ జా పేరు పెట్టుకున్న ఊరు. దండు ఉన్నచోట దొరల ఇళ్ళలో పని ఉంటుంది, గుర్రాల పని, తోలు పని, పాకీ పని ఉంటుంది. పల్లెలో వెట్టి తప్పించుకోవాలనుకున్న మాల మాదిగలు ఇక్కడికి నడిచి వచ్చారు. దండుతో పాటు చర్చిలూ వచ్చాయి. ఎస్.డి. రోడ్డు మీది సెయింట్ మేరీస్ 1850లో పూర్తయింది. కానీ అవి మొదట దొరల కోసం, సిపాయిల కోసం కట్టినవి. మనవాళ్ళ కోసం మిషన్ పని మొదలైంది 1870ల్లో. అమెరికన్ బాప్టిస్టులు అప్పుడే వచ్చారు. వెస్లియన్ మిషన్ తరఫున విలియం బర్జెస్ 1879లో సికింద్రాబాద్‌లో పని మొదలుపెట్టాడు. ఆ మిషన్ పనిలోంచే తర్వాత పోస్నెట్ మెదక్ వెళ్ళాడు. కరువు కాలంలో కూలి ఇచ్చి కట్టించిన మెదక్ చర్చి, 1914లో మొదలై 1924 క్రిస్మస్ రోజున తెరిచిన చర్చి, మీకందరికీ తెలుసు. పదేళ్ళు పట్టింది. కరువులో పుట్టినవాడు ఆ చర్చి పూర్తయ్యేనాటికి పశువులు కాసే వయసుకు వచ్చుంటాడు.

అయితే ఎదురుచూపు కథ అసలు నడిచింది మన దగ్గర కాదు, ఒంగోలులో. సికింద్రాబాద్ బాప్టిస్టు సంఘాలకూ అది పుట్టిల్లే. అందుకే అక్కడికి వెళ్ళాలి.

అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్ 1836లో మొదలైంది. శామ్యూల్ డే 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. ఏళ్ళు గడిచాయి. వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది తప్ప ఎవరూ చేరలేదు. ఎందుకు చేరలేదు? అగ్రకులాల వాళ్ళు మారితే మిగతావాళ్ళు వాళ్ళ వెనకే వస్తారన్నది ఆ కాలపు మిషనరీల్లో చాలామంది లెక్క. పైవాళ్ళు రాలేదు. కిందవాళ్ళ వైపు మిషనరీలు చూడలేదు. డబ్బు పంపే అమెరికాలో విసుగొచ్చింది. 1853లో ఆల్బనీలో జరిగిన సభలో ఈ మిషన్ మూసేద్దామని చర్చ వచ్చింది. పటం మీద ఒంటరి నక్షత్రంలా ఉందని ఎవరో అన్న మాటను పట్టుకుని శామ్యూల్ స్మిత్ రాత్రికి రాత్రి ఒక పద్యం రాశాడు. మిషన్ మిగిలింది. లోన్ స్టార్ మిషన్ అన్న పేరూ మిగిలింది.

1854 జనవరి 1, తెల్లవారుజామున. ఒంగోలు పక్కన ఉన్న కొండ మీదికి ఐదుగురు ఎక్కారు. లైమన్ జూవెట్, ఆయన భార్య, నర్సు అనే తెలుగు బోధకుడు, జూలియా, రూతు అనే ఇద్దరు తెలుగు స్త్రీలు. ఈ ఊరికి ఒక మనిషిని పంపమని ప్రార్థన చేశారు. ఆ కొండను ఇప్పటికీ ప్రార్థన కొండ అంటారు. మనిషి వచ్చాడు. పన్నెండేళ్ళు పట్టింది. 1866లో జాన్ క్లౌ ఒంగోలు చేరాడు.

మిషనరీ పుస్తకాల్లో కథ ఇలా నడుస్తుంది: వాళ్ళు కొండ మీద ప్రార్థించారు, దేవుడు క్లౌను పంపాడు, వేలమంది మారారు. ఈ కథలో ఎదురుచూసింది తెల్లవాళ్ళు. మాదిగలు ఎక్కడో పండి కోతకు సిద్ధంగా ఉన్న పంటలా కనిపిస్తారు.

నేను ఈ కథను అటువైపు నుంచి చదవమంటాను.

ఎర్రగుంట్ల పేరయ్య అని ఒక మాదిగ. తోళ్ళ వ్యాపారం చేసేవాడు. క్లౌ రాకముందే దేవుణ్ణి వెతుక్కుంటున్నవాడు. రాజయోగం నేర్పే గురువుల దగ్గర కూర్చుని సాధన చేసినవాడు. ఇది గమనించండి. గుడిలోకి రానివ్వని మనిషి, వేదం వినకూడని మనిషి, తన పల్లెలో తానే యోగం చేసుకుంటున్నాడు. తోళ్ళు కొనడానికి ఉత్తరాదికి వెళ్ళినప్పుడు ఏలూరు వైపు ఒక మిషనరీ బోధ విన్నాడు. త్వరలో ఒంగోలుకు ఒక బోధకుడు వస్తాడు, అతని దగ్గరికి వెళ్ళు అన్నారు. పేరయ్య ఇంటికి వచ్చి ఊరుకోలేదు. విన్నది తన వాళ్ళకు చెప్పాడు. ఒంగోలు వైపు ఒక చెవి వేసే ఉంచాడు. జూవెట్ ఒంగోలు వచ్చాడని తెలిసి వెళ్ళి 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. 1867 జనవరిలో, ఒంగోలుకు నలభై మైళ్ళ దూరంలో ఉన్న తన పల్లెకు క్లౌను పిలిపించుకున్నాడు. క్లౌ వెళ్ళేసరికి జనం అప్పటికే చేరి ఉన్నారు. అయిదు రోజుల్లో ఇరవై ఎనిమిది మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఇప్పుడు చెప్పండి. ఎవరు ఎవరి కోసం కనిపెట్టుకుని ఉన్నారు? క్లౌ పేరయ్యను వెతుక్కుంటూ రాలేదు. పేరయ్యే క్లౌను కనిపెట్టాడు. రెండు అర్థాల్లోనూ. క్లౌ కుటుంబంలోని ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో మాదిగల గురించి రాసిన 'వైల్ సూయింగ్ శాండల్స్' చదివితే ఈ సంగతి అర్థమవుతుంది. మన ముత్తాతల మతాల గురించి, గురువుల గురించి మనకు మిగిలిన కొద్దిపాటి రాతల్లో అదొకటి.

చేరినవాళ్ళకు క్లౌ మూడు నియమాలు పెట్టాడు. ఆదివారం పని చేయొద్దు. చచ్చిన పశువు మాంసం తినొద్దు. విగ్రహాలకు మొక్కొద్దు. వినడానికి ఇవి మతం నియమాలు. ఊళ్ళో పెట్టి చూడండి. ఆదివారం పని చేయొద్దంటే వారానికి ఒక రోజు దొర పిలిస్తే పోకపోవడం. వెట్టిలో ఆదివారం అనేది లేదు. చచ్చిన పశువును తినొద్దంటే ఊరి మాదిగకు ఊరు ఇచ్చే మేరను కాదనడం. విగ్రహాలకు మొక్కొద్దంటే జాతరలో డప్పు కొట్టకపోవడం. ఊరికి ఈ సంగతి వెంటనే అర్థమైంది. అందుకే బావి దగ్గర నీళ్ళు ఆపారు, పనులు ఆపారు, కొట్టారు, దొంగతనం కేసులు పెట్టించారు. మాదిగలు వాటిని ఓర్చుకున్నారు. ఈ ఓర్పు లొంగిపోవడం ఎలా అవుతుంది? లొంగిపోవడానికి ఓర్పు అక్కర్లేదు, డప్పు తీసి కొడితే చాలు. కొట్టననే మాట మీద నిలబడడానికి ఓర్పు కావాలి. ఈ రోజుల్లో మనం దాన్ని సమ్మె అంటాం.

తర్వాత ధాత కరువు వచ్చింది. 1876 నుంచి 1878. దక్షిణ భారతంలో యాభై లక్షల మందికి పైగా చనిపోయారని లెక్కలు. మద్రాసు సర్కారు సహాయపు పనుల్లో పెట్టే కూలిని తగ్గించడానికి రిచర్డ్ టెంపుల్ 1877 జనవరిలో వచ్చాడు. ఎండలో మట్టి తవ్వే మనిషికి రోజుకు ఒక పౌను గింజలు చాలన్నాడు. అంటే అర కిలో కన్నా తక్కువ. డాక్టర్ కార్నిష్ లాంటి అధికారులే అది మనిషి బతికే తిండి కాదని వాదించారు. ఈ పనుల్లో ఒకటి బకింగ్‌హామ్ కాలువ. అప్పటి మద్రాసు గవర్నరు పేరు పెట్టుకున్న కాలువ. అందులో కొన్ని మైళ్ళ తవ్వకాన్ని క్లౌ కాంట్రాక్టుకు తీసుకున్నాడు. వేరే చోట్ల అగ్రకులాల మేస్త్రీల కింద పని చేయడానికి మాదిగలు భయపడ్డారు. ఇక్కడ మాదిగ బోధకులే మేస్త్రీలు. గంపలెత్తి కూర్చున్నప్పుడు వాళ్ళే బోధకులు.

ఇక్కడ ఒక సంగతి జరిగింది. దీన్ని మన పిల్లలకు నేర్పాలి. వేలమంది బాప్తిస్మం ఇమ్మని అడుగుతుంటే క్లౌ ఇవ్వలేదు. కూటి కోసం మతం మారారనే నింద వస్తుందని, కరువు డబ్బు పంచుతున్నంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. 1877 మార్చి నుంచి 1878 జూన్ దాకా, పదిహేను నెలలు. కరువు తగ్గింది. సహాయం డబ్బు అయిపోయింది. ఇంక ఇచ్చేదేమీ లేదు, పోయి పొలం పనులు చేసుకోండి అన్నారు. అప్పుడు వచ్చారు జనం. తిండి ఉన్నప్పుడు ఆగి, తిండి లేదన్నాక వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నీళ్ళలో నిలబడి బాప్తిస్మం ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున. క్లౌ ఆ రోజు నీళ్ళలోకి దిగలేదు. ఆరు వారాల్లో లెక్క ఎనిమిది వేలు దాటింది.

కూటి కోసం మారారు అని మనల్ని ఇప్పటికీ అంటారు. ఫేస్‌బుక్‌లో రోజూ అంటారు. ఈసారి ఎవరైనా అంటే ఈ పదిహేను నెలల సంగతి చెప్పండి.

ఇప్పుడు రెండో ఎదురుచూపు. ఇది ఇంకా అయిపోలేదు.

1936లో బ్రిటిష్ వాళ్ళు షెడ్యూల్డు కులాల జాబితా ఇచ్చినప్పుడే క్రైస్తవులను బయట పెట్టారు. స్వాతంత్ర్యం వచ్చాక, రాజ్యాంగం అమల్లోకి వచ్చిన ఆరున్నర నెలలకు, 1950 ఆగస్టు 10న రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. దాని మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులస్తుడు కాడు. 1956లో సిక్కులను చేర్చారు. 1990లో బౌద్ధులను చేర్చారు. బాబాసాహెబ్ నాగపూర్‌లో దీక్ష తీసుకున్నది 1956 అక్టోబర్ 14న. ఆయన వెంట నడిచినవాళ్ళు ముప్పై నాలుగేళ్ళు కనిపెట్టుకుని ఉండాల్సి వచ్చింది. దళిత క్రైస్తవులూ దళిత ముస్లింలూ ఇంకా బయటే ఉన్నారు. అందుకే దేశమంతటా దళిత క్రైస్తవులు ఆగస్టు 10ని చీకటి దినం అంటారు.

మన రాష్ట్రంలో ఏం చేశారు? 1970లో అనంతరామన్ కమిషన్ సిఫార్సుతో బీసీ జాబితా వచ్చింది. అందులో క్రైస్తవం తీసుకున్న ఎస్సీలను బీసీ సీ అనే వేరే అరలో పెట్టారు. వాటా ఒక్క శాతం. 1977లో ఒక జీవో వచ్చింది, చట్టంతో సంబంధం లేని కొన్ని రాయితీలు ఇచ్చారు. 2009లో ఒకసారి, 2023లో ఒకసారి ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఎస్సీ హోదా ఇవ్వమని తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది. ఢిల్లీలో కాగితాలకు చాలా ఓర్పు.

1985 మీద ఒక్క నిమిషం ఆగండి. మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే సూసై అనే క్రైస్తవుడు సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. చెప్పులు కుట్టేవాళ్ళకు ప్రభుత్వం బంకులు ఇస్తూ హిందూ ఎస్సీలకే ఇచ్చింది, నాకివ్వలేదు అన్నాడు. పేరయ్యకు నూట ఇరవై ఏళ్ళ తర్వాత ఇంకో చర్మకారుడు అడిగిన ప్రశ్న ఇది. క్రైస్తవంలోకి వెళ్ళాక కూడా కులం వల్ల వచ్చే కష్టాలు అంతే తీవ్రంగా ఉన్నాయని చూపించే ఆధారాలు లేవని కోర్టు పిటిషన్ కొట్టేసింది. తీర్పు తేదీ 1985 సెప్టెంబర్ 30.

అదే ఏడాది జూలై 17న కారంచేడు జరిగింది.

ఆరుగురు మాదిగలను చంపారు. ఆడవాళ్ళ మీద అత్యాచారాలు చేశారు. మోషే లాంటి బైబిల్ పేర్లు ఉన్న గూడెం అది. గొడ్డళ్ళు పట్టుకుని వచ్చినవాళ్ళు ఎవరినీ మతం అడగలేదు. బాప్తిస్మం సర్టిఫికెట్ చూపించమనలేదు. వాళ్ళకు కనిపించింది మాదిగే. ఆధారం అక్కడుంది. చీరాల శిబిరంలో ఉంది. రెండున్నర నెలల తర్వాత ఢిల్లీలో ఆధారాలు లేవని రాశారు. కేసు అడిగింది వేరే సంగతి, ఆ కోర్టు ముందున్న కాగితాలు వేరు, నాకు తెలుసు. న్యాయశాస్త్రం ప్రకారం జవాబు చెప్పేవాళ్ళు చెప్పొచ్చు. కానీ చరిత్ర రాసేవాడు ఆ రెండు తేదీలను పక్కపక్కన పెట్టకుండా ఉండలేడు. కారంచేడు ప్రధాన సాక్షి అలీసమ్మను తర్వాత చంపేశారు. సుప్రీంకోర్టు తుది తీర్పు 2008 డిసెంబరులో వచ్చింది. ఇరవై మూడేళ్ళు.

2004లో మూడో పేరా మీద సుప్రీంకోర్టులో కేసు పడింది. అదే ఏడాది రంగనాథ్ మిశ్రా కమిషన్ వేశారు. ఆ కమిషన్ 2007లో మూడో పేరా తీసేయమని సిఫార్సు చేసింది. 2009లో నివేదిక పార్లమెంటు ముందుకు వచ్చింది. 2022లో కేంద్రం ఆ నివేదిక లోపభూయిష్టమని కోర్టుకు చెప్పింది. అదే ఏడాది అక్టోబరులో కె.జి. బాలకృష్ణన్ నాయకత్వంలో ఇంకో కమిషన్ వేసింది. రెండేళ్ళ గడువు పెట్టారు. తర్వాత గడువు పొడిగించారు.

ఈలోగా 2024 నవంబరులో పుదుచ్చేరి నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. క్రైస్తవ విశ్వాసంలో ఉంటూ ఉద్యోగం కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసం చేయడమే అన్నది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టర్ పెట్టిన అట్రాసిటీ కేసు కొట్టేసింది. క్రైస్తవుడు కనుక ఎస్సీ కాడు, ఎస్సీ కాడు కనుక ఆ చట్టం వర్తించదు అన్నది. అంతకుముందు 2015లో సుప్రీంకోర్టే ఇంకో మాట చెప్పింది. మళ్ళీ హిందూ మతంలోకి వచ్చి, కులం వాళ్ళు ఒప్పుకుంటే, కులం తిరిగి వస్తుంది. అంటే చర్చిలో ఉన్నన్నాళ్ళు కులం ఎక్కడికో పోయి, గుడికి రాగానే గుమ్మం దగ్గర నిలబడి ఉంటుందన్నమాట. మన గూడెంలో కులం ఎప్పుడూ ఎక్కడికీ పోలేదు. చర్చిలోకి కూడా మన వెనకే వచ్చింది. రెడ్డి క్రైస్తవులు, కమ్మ క్రైస్తవులు మాల మాదిగ క్రైస్తవులతో వియ్యమందరు. చాలా చోట్ల సమాధుల తోటల్లోనే హద్దులున్నాయి.

అప్పుడు కూటి కోసం మతం మారారన్నారు. ఇప్పుడు కోటా కోసం మతం దాచారంటున్నారు. మారినా తప్పే, మారలేదన్నా తప్పే.

మళ్ళీ మొదటి ప్రశ్నకు వస్తాను. ఓర్పు నేర్పింది చర్చే కదా?

అవును, నేర్పింది. రెండు రకాలుగా నేర్పింది. ఒక రకం నాకు తెలుసు. ఏసీ గదిలో ఉండే పెద్ద పాస్టరు గారు రేకుల ఇంట్లో ఉండేవాళ్ళకు చెప్పే ఓర్పు. పరలోకంలో అన్నీ ఉన్నాయి, ఇక్కడ అడగొద్దు అనే ఓర్పు. ఎదురుచూడడం వల్ల తనకేమీ నష్టం లేనివాడు ఎదుటివాడికి చెప్పే ఓర్పు. మన కళ్ళ ముందే చర్చి భూములు అమ్ముకున్నవాళ్ళూ, ఆగస్టు 10న నోరు మెదపనివాళ్ళూ ఈ ఓర్పే చెబుతారు. ప్రశ్న పంపిన మిత్రుల కోపం దాని మీదైతే, వాళ్ళ పక్కనే నేనూ నిలబడతాను.

రెండో రకం ఓర్పు మన ఆడవాళ్ళ దగ్గర ఉంది. లూకా సువార్తలో ఏసు చెప్పిన ఒక విధవరాలి కథ ఉంది. దేవుడంటే భయం లేని, మనుషులంటే లెక్కలేని ఒక న్యాయాధిపతి. ఆమెకు న్యాయం చేయడు. ఆమె రోజూ వస్తుంది. చివరికి ఆమె పోరు పడలేక తీర్పు ఇస్తాడు. ఏసు ఈ కథ చెప్పింది ప్రార్థన గురించి. ఇందులో ప్రార్థన ఎక్కడుంది? కోర్టు మెట్ల మీద ఉంది. ఆమె ఓర్పు ఇంట్లో కూర్చున్న ఓర్పు కాదు, ఎదుటివాణ్ణి విసిగించే ఓర్పు. సూసై ఓర్పు అది. కారంచేడు కేసులో ఇరవై మూడేళ్ళు వాయిదాలకు తిరిగినవాళ్ళ ఓర్పు అది. ఒంగోలు పక్కనే ఈదుముడిలో 1994 జూలై 7న డప్పు కొట్టి మొదలుపెట్టి, 2024 ఆగస్టులో వర్గీకరణ మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చేదాకా ముప్పై ఏళ్ళు రోడ్డు దిగని దండోరా ఓర్పూ అదే. 1935 అక్టోబర్ 13న యేవలాలో నేను హిందువుగా చావను అన్న బాబాసాహెబ్, ఏ దారిలో వెళ్ళాలో తేల్చుకోవడానికి ఇరవై ఒక్క ఏళ్ళు తీసుకున్నాడు. ఆయన అన్నేళ్ళూ కళ్ళు మూసుకుని కూర్చున్నాడని ఎవరూ అనరు.

జాషువాను గుర్తు చేసుకోండి. వినుకొండలో పుట్టిన క్రైస్తవ కవి. పురాణ కథలు రాశాడని చర్చి పెద్దలు కోప్పడ్డారు. క్రైస్తవుడని, అంటరానివాడని సాహిత్య పెద్దలు దూరం పెట్టారు. 1941లో 'గబ్బిలం' రాశాడు. గుడి తలుపు తనకు మూసి ఉంటే గుడి చూరుకు వేలాడే గబ్బిలాన్ని పిలిచి, తన బాధ శివుడి చెవిలో వెయ్యమన్నాడు. మేఘసందేశంలో యక్షుడు ప్రియురాలి కోసం ఎదురుచూస్తాడు. జాషువా మనిషి న్యాయం కోసం ఎదురుచూస్తాడు. తెలుగు కావ్యంలో ఎదురుచూపు శృంగారం వదిలి పిటిషన్ అయింది అక్కడే అని నా విద్యార్థులకు చెబుతుంటాను.

చివరగా రాంగోపాల్‌పేట్‌కు తిరిగి వస్తాను.

ఆ అవ్వకు ఒక మనవడు. డిగ్రీ అయిపోయింది. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాలి, కుల ధ్రువపత్రం కావాలి. ఫారం తీసుకుని నా దగ్గరికి వచ్చాడు. అందులో మతం అని ఒక గడి. "సార్, ఇక్కడ ఏం రాయాలె?" అన్నాడు. ఆఫీసులో ఒకాయన వాడి ఇంటికి విచారణకు వచ్చాడట. గోడ మీది క్యాలెండర్ చూసి నవ్వాడట. క్యాలెండర్ మీద గొర్రెపిల్లను ఎత్తుకున్న ఏసు.

నేను వాడికి చరిత్రంతా చెప్పాను. 1936, 1950, 1956, 1990. వాడు ఓపిగ్గా విన్నాడు. విని మళ్ళీ అడిగాడు. "అదంతా సరే సార్. ఇక్కడ ఏం రాయాలె?"

క్రైస్తవం అని రాస్తే ఒక్క శాతం ఉన్న అరలోకి పోతాడు. గల్లీలో ఎవడైనా కులం పేరు పెట్టి తిడితే అట్రాసిటీ చట్టం ఉండదు. హిందూ అని రాస్తే వాళ్ళ అవ్వ శుక్రవారాలన్నీ అబద్ధం. నా దగ్గర జవాబు లేదు. నా ధ్రువపత్రంలో ఏముందో కూడా నేను ఇక్కడ రాయడం లేదు. చరిత్ర మీద ఇంత పొడుగు వ్యాసాలు రాసే మనిషి తన గురించి ఒక్క ముక్క రాయలేకపోతున్నాడు చూశారా, మూడో పేరా మనతో చేయించేది అది. దేవుడి ముందు ఒక పేరు, గుమస్తా ముందు ఒక పేరు. డెబ్భై ఐదేళ్ళుగా లక్షల ఇళ్ళలో.

వాడు ఫారం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళాడు. తర్వాతి శుక్రవారం అవ్వ కనిపించింది. నాకే సిగ్గేసింది. "అవ్వా, ఇంకా ఎన్నేండ్లు కనిపెట్టుకోని ఉంటవ్?" అన్నాను. కొంచెం కోపంగానే అన్నాను, ఆమె మీద కాదు.

ఆమె నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూసింది. "పొయ్యి మీద పాలు పెట్టి కనిపెట్టమంటం గద బిడ్డా. గప్పుడు నిద్ర పోతమా? పాలు పొంగే యాళ్ళకు సేతుల గుడ్డ పట్టుకోని నిలవడాలె."

నాకు తెలిసిన ఏ నిఘంటువులోనూ ఈ అర్థం ఇంత బాగా లేదు.

కాబట్టి మిత్రులారా, ఓర్చుకోమని ఎవరైనా చెబితే ముందు వాళ్ళ చేతిలో గుడ్డ ఉందో లేదో చూడండి. ఉంటే పక్కన నిలబడండి. లేకపోతే పొయ్యి దగ్గర నుంచి తప్పుకోమనండి. మన కమిషన్ల నివేదికలు ఎప్పుడొస్తాయి, తీర్పులు ఎప్పుడొస్తాయి, మన చేతిలో లేదు. వచ్చే ఆగస్టు 10న మీ చర్చిలో ఈ తేదీ గురించి ఒక్క ప్రార్థన, ఒక్క తీర్మానం, ఒక్క వినతిపత్రం పెట్టించడం మన చేతిలో ఉంది. మీ పాస్టరు గారిని అడగండి. కాదంటే ఆ విధవరాలిలా మళ్ళీ అడగండి.

వచ్చే ఆదివారం తర్వాతి భాగంలో కలుద్దాం.

జై భీమ్.